పట్నంలో పూటకూడు

వినుకొండ వల్లభరాయని పేరిట ప్రసిద్ధమైన క్రీడాభిరామంలో ఓరుగల్లు నగరపు పూటకూటిల్లు ఒకటి వస్తుంది. లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు మేలైన బియ్యపుటన్నం, గోధుమపిండివంట, పెసరపప్పు, నేయి, నాలుగైదు కూరలు, అరటిపండ్లు, పెరుగు లభించేవట. కవి ఎవరింట తినాలో చెప్పాడు, ఎంత ఇవ్వాలో చెప్పాడు, విస్తట్లో ఏమి పడుతుందో చెప్పాడు. కొత్తగా నగరం చేరినవాడికి కావలసినవి ఈ మూడు సంగతులే. కాకతీయుల రాజధానికి ఈ వివరం వ్రాసిపెట్టినవారున్నారు గాని, హైదరాబాదుకు పోయే మన విద్యార్థికి చెప్పి పంపేవారు లేరు.

అమరచింత, ఆత్మకూరు, నర్వ, మక్తల్ ప్రాంతాల నుండి డిగ్రీ ముగించుకొన్న పిల్లలు ఏటా పట్నం చేరుతున్నారు. కొందరు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి, కొందరు పోటీపరీక్షల శిక్షణకై అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ గల్లీలకు. మగ్గం మీదనో, కూలి మీదనో బ్రతికే తల్లిదండ్రులు పంపే సొమ్ములో గది అద్దె తగ్గదు, శిక్షణ రుసుము తగ్గదు. తగ్గించగలిగింది తిండి ఒక్కటే. కనుక మొదటి నెలలోనే ఒక పూట భోజనం మానడం, రెండవ నెలలో టీ, బిస్కట్లతో మధ్యాహ్నం దాటించడం అలవాటవుతుంది. పరీక్ష దగ్గరపడేసరికి కడుపునొప్పితోనో, నీరసంతోనో ఇల్లు చేరినవారిని మేము చూస్తూనే ఉన్నాము. అందుచేత ఈ విషయాన్ని వినోదవ్యాసంగా గాక, పాఠ్యాంశంగానే భావించి వ్రాస్తున్నాము.

చవక అనేది ధరల పట్టికలో ఉండదు. అది వంటశాల నడిచే పద్ధతిలో ఉంటుంది. దీనిని తెలుసుకొనడానికి పట్నం దాకా పోనక్కరలేదు. మన జూరాల ప్రాజెక్టు వద్ద చేపల దుకాణాలను చూడండి. అమ్మేది ఒకే వస్తువు. చేప కళ్ళ ముందే కాగిన నూనెలో పడుతుంది, కళ్ళ ముందే విస్తరాకులోకి వస్తుంది. వండినది నిలువ ఉండే అవకాశమే తక్కువ. పారవేయవలసిన సరుకు లేదు గనుక ఆ నష్టాన్ని కొనేవాడి మీద మోపవలసిన అవసరం లేదు. నలభై రకాల వంటకాల పట్టిక వ్రేలాడదీసిన చోట నలభైకీ గిరాకీ ఉండదు. మిగిలినది రేపటికి పోతుంది, లేదా దాని ఖరీదు మిగతా వంటకాలలో కలుస్తుంది. పారిస్ నగరంలో పందొమ్మిదవ శతాబ్ది మధ్యలో దువాల్ అనే మాంసం వర్తకుడు శ్రామికుల కోసం నెలకొల్పిన భోజనశాలల సూత్రమూ ఇదే: కొద్ది వంటకాలు, శీఘ్రమైన వడ్డన, ఖాళీగా ఉండని బల్ల.

ఆరోగ్యానికి కూడా మూలం ఇక్కడే ఉన్నది. వండిన పదార్థం సుమారు 5 డిగ్రీలకు పైన, 60 డిగ్రీలకు లోపల ఉన్నంతసేపూ సూక్ష్మజీవులు వృద్ధి చెందుతాయి. పొగలు కక్కే అన్నం, మరుగుతున్న సాంబారు, పెనం మీది దోసె ఈ గండాన్ని చాలావరకు దాటినవి. పొద్దున వండి మధ్యాహ్నం దాకా మూతపెట్టి ఉంచిన ఫ్రైడ్ రైసు దాటలేదు. మళ్ళీ వేడిచేసినా అన్నంలో పుట్టిన కొన్ని విషాలు నశించవు. 2024 అక్టోబరులో హైదరాబాదులో బండి మీది మోమోలు తిని పలువురు అస్వస్థులై ఒకరు మరణించిన తరువాత, పచ్చి గ్రుడ్లతో చేసే మయోనైజును తెలంగాణ ప్రభుత్వం ఒక సంవత్సరం పాటు నిషేధించింది. చట్నీ, కోసి ఉంచిన పండు, ఈ తెల్లని పూత, అనగా నిప్పు తగలనివన్నీ అనుమానించదగినవే. హోటలు గోడ మీద 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు సంఖ్య ఉండాలన్నది నియమం. అది ఉంటే మంచిదే గాని, మేము మాత్రం ముందుగా గిన్నెలు కడిగే తొట్టిని చూస్తాము.

ఇక నగరంలోకి వద్దాము. మహాత్మాగాంధీ బస్సు స్టేషనులో దిగిన మనవాడు ఆకలితో ఆ ఎదుటనే కనబడిన హోటల్లో దూరుతాడు. బస్సు స్టేషనుకు వచ్చేవాడు మళ్ళీ రాడన్న ధీమా అక్కడి వంటలో కొంత కనబడుతుంది. పది నిమిషాలు నడిస్తే అఫ్జల్‌గంజ్. ఉస్మానియా ఆసుపత్రి రోగుల బంధువులు, హమాలీలు, దుకాణాల గుమాస్తాలు రోజూ తినే చోట్లు అక్కడున్నాయి. రోజూ వచ్చేవాడిని ఏ యజమానీ ఎక్కువ కాలం మోసగించలేడు. నయాపూల్ దాటితే మదీనా కూడలి, షాదాబ్ హోటలు, ఆపైన చార్మినారు. ఆ ప్రాంతంలో తెల్లవారుజామున నహారీ దొరుకుతుంది. నహార్ అంటే అరబ్బీలో పగలు. పగటి తొలి భోజనం గనుక ఆ పేరు. రాత్రంతా సన్నని సెగ మీద ఉడికిన ఎముకల రసంలో కుల్చా ముంచుకొని తిన్నవాడికి మధ్యాహ్నం దాకా ఆకలి మాట ఉండదు. శ్రమజీవి భోజనంగా దానికి సాటి తక్కువ. ఖిచిడీ, ఖీమా, పుల్లని ఖట్టా కలిసిన ఉదయపు పళ్ళెం కూడా అటువంటిదే.

ఇరానీ హోటళ్ళను గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఇరాను నుండి బొంబాయి మీదుగా వచ్చినవారు వీటిని ఈ నగరంలో నెలకొల్పారు. ఆబిడ్స్‌లోని గ్రాండ్ హోటలు 1935 నాటిది. పాలను ఒక పాత్రలో చిక్కబడేదాకా కాచి, డికాక్షనును మూతపెట్టిన వేరొక పాత్రలో మగ్గబెట్టి, రెండింటినీ కప్పులోనే కలుపుతారు. ఆ రుచికి మేము కూడా దాసులమే. ఒక టీని ఇద్దరు పంచుకొనే ‘వన్ బై టూ’ మర్యాద, కప్పు ఖాళీ అయినా లేవమనని ఔదార్యం విద్యార్థికి ఎంతో సౌకర్యం. అయితే ఆ తియ్యని టీ, ఉస్మానియా బిస్కట్టు, ఉల్లి సమోసా ఆకలిని చంపుతాయే గాని దేహాన్ని పోషించవు. రోజుకు నాలుగుసార్లు వాటికి పెట్టిన చిల్లరను నెలాఖరున లెక్కకట్టి చూసినవాడికి ఒక పూట భోజనం ఎటు పోయిందో బోధపడుతుంది. అదే బల్ల వద్ద గ్రుడ్డు, రొట్టె తీసుకొంటే అది వేరు సంగతి.

నెలల తరబడి ఉండేవారికి హోటలు కాదు, కర్రీ పాయింటు ఆధారం. గదిలో అన్నం వండుకొని, పప్పు, కూర మాత్రం పొట్లంగా తెచ్చుకొనే ఈ ఏర్పాటు హైదరాబాదు గల్లీలన్నింటా ఉన్నది. హోటలు భోజనంలో మనం చెల్లించేది బియ్యానికి మాత్రమే కాదు. కుర్చీకి, ఫ్యానుకు, వడ్డించేవాడి జీతానికి, వీధి మొగదల అద్దెకు కూడా. ఇంటి నుండి బియ్యం మూట తెచ్చుకొన్న ముగ్గురు విద్యార్థులు రెండు పొట్లాలతో పూట గడుపుకొనవచ్చు. గది యజమాని వంటకు ఒప్పుకొంటాడా అన్నది అద్దె మాట్లాడినపుడే అడగవలసిన ప్రశ్న. బండి వద్ద నిలబడి తినడానికి ఇబ్బందిపడే మన విద్యార్థినులకు ఈ మార్గం మరింత అనుకూలం.

గది వంట కుదరనివారు మెస్సును ఆశ్రయించాలి. మొదటిరోజే నెల టికెట్ల పుస్తకం కొనవద్దు. మూడు రోజులు వేర్వేరు వేళల్లో డబ్బిచ్చి తినండి. ఒంటిగంటకు వడ్డించిన కూర, రెండున్నరకు వడ్డించినదీ ఒకటేనా చూడండి. బిర్యానీ విషయంలో చిన్నదైనా ‘సింగిల్’ ఇద్దరికి చాలుతుందేమో ప్రక్క బల్లను చూసి గ్రహించాలి. హలాల్ సంగతి తెలుసుకొనదలచిన ముస్లిం విద్యార్థి, మాంసం లేని వంటపాత్ర కోరే శాకాహార విద్యార్థి ఇద్దరూ మొహమాటం లేకుండా అడగవచ్చు. నిజాయితీ గలవాడు విసుక్కోడు.

ఐదు రూపాయల భోజనం మాటెత్తితే మన పిల్లలు తలవంచుకొంటారు. తమిళనాడులో 2013లో అమ్మ భోజనశాలలు వచ్చాయి. 2014 మార్చిలో హైదరాబాదు మహానగరపాలక సంస్థ హరేకృష్ణ సంస్థ సహకారంతో ఈ కేంద్రాలను ప్రారంభించింది. 2025లో వాటికి ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు మార్చి, ఉదయపు ఫలహారాన్ని కూడా ఐదు రూపాయలకే చేర్చారు. అన్నం, పప్పు, సాంబారు, పచ్చడి: అన్నీ పెద్ద వంటశాలలో ఒకేచోట వండి వేడివేడిగా పంపుతారు. ఖర్చులో అధికభాగం ప్రజాధనమే భరిస్తుంది. విశ్వవిద్యాలయపు ఫీజు రాయితీని సిగ్గుపడకుండా స్వీకరించే విద్యార్థి, అదే ప్రభుత్వపు అన్నానికి సిగ్గుపడడం మాకు అర్థం కాదు. ఆ వరుసలో ఆటోవాలా ముందుంటే, ఉద్యోగార్థి వెనుకనుంటే తప్పేమున్నది?

కళాశాల సంఘం వారికి ఒక విన్నపం. పట్నంలో చదువుతున్న మన పూర్వవిద్యార్థులు ఏ గల్లీలో ఏ పూట ఏమి దొరుకుతుందో, ధర ఎంతో తారీఖుతో సహా వ్రాసి పంపితే, గ్రంథాలయంలో ఒక నోటుపుస్తకం పెట్టించవచ్చు. ధరలు మారినపుడల్లా కొట్టివేసి వ్రాసుకొనే పుస్తకం. ఖర్చు ఒక దస్తా కాగితం.

చివరగా, మన సొంత తిండి సంగతి. సాయంత్రమయ్యేసరికి నగరంలో అనేక వీధుల ప్రక్కన స్త్రీలు పొయ్యి వెలిగించి జొన్నరొట్టెలు చేస్తారు. పల్లెల నుండి పొట్టకూటికి వచ్చినవారే ఎక్కువ. మన పాలమూరు యాస అక్కడ వినబడడం అరుదు కాదు. పిండి కళ్ళ ముందే తడుపుతారు, రొట్టె చేతితోనే తడతారు, పెనం మీది నుండి నేరుగా చేతికి వస్తుంది. రెండు రొట్టెలు, ఇంత పప్పో ఆకుకూరో ఉంటే రాత్రి భోజనం పూర్తి. బియ్యం కంటె జొన్నలో పీచు అధికం, ఆకలి త్వరగా వేయదు. ఆ వేళ ఆఫీసుల నుండి తిరిగి వచ్చేవారంతా ఇంటికి పొట్లాలు కట్టించుకొంటారు గనుక, ఆలస్యంగా పోయినవాడికి పిండి అయిపోయిందన్న జవాబే దొరుకుతుంది.