పసిబిడ్డకు తొలిబడి: కాపులు విచారింపవలసిన సంగతులు

మన అనంతపురపు మెట్టసీమలో జూన్ నెల రాగానే కాపు ఇంటిపై రెండు ఖర్చులు ఒక్కసారిగా వచ్చి పడును. ఒకటి వేరుసెనగ విత్తనము. రెండవది మూడేండ్లు నిండిన బిడ్డకు పట్టణపు నర్సరీ బడిలో కట్టవలసిన రుసుము. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదియు వేళకు వచ్చునన్న నమ్మకము లేనిచోట, పంటకని తెచ్చిన అప్పులో కొంత బడిరుసుము క్రింద పోవుట మేము పలు గ్రామములలో చూచుచున్నాము. చదువునకు పెట్టిన సొమ్ము దండుగయని మేమనము. అయితే కాయ నొలిచి, గింజ నదిమి చూచి, మొలక కట్టి చూచిగాని విత్తనము కొనని రైతు, బడిని మాత్రము పసుపుపచ్చని బస్సును, బిడ్డ మెడలోని టైని చూచి ఎంచుకొనుట మాకు వింతగా తోచుచున్నది.

పసివాని చదువు ఈ సీమకు క్రొత్తది కాదు. మన జిల్లా 1882లో బళ్లారి నుండి వేరుపడినది. అంతకు పూర్వము, 1823లో, బళ్లారి కలెక్టరు కాంబెల్ దొర, గవర్నరు మన్రో ఉత్తరువుపై అచ్చటి బడులను గూర్చి నివేదిక నొకదానిని పంపెను. తెలుగునకు వ్యాకరణమును, నిఘంటువును కూర్చిన కాంబెల్ ఆయనయే. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నట్లు ఆయన లెక్క. ఐదవయేట విఘ్నేశ్వరుని ముందు కూర్చుండబెట్టి, బియ్యములో వ్రేలితో దిద్దించి, పిదప ఇసుకలో వ్రాయించెడివారు. ఇంత తక్కువ వ్యయముతో వ్రాత నేర్పు విధమును, పెద్ద పిల్లలచేత చిన్నవారికి చెప్పించు విధమును ఆయన మెచ్చుకొనెను. బీదతనముచేత తల్లిదండ్రులు బిడ్డలను బడికి పంపలేకున్నారనియు వ్రాసెను. ఇటలీ దేశపు మాంటిస్సోరి విదుషి 1907లో రోము నగరపు పేదవాడలో శిశుగృహము తెరచినది. గరుకు కాగితపు అక్షరములపై పిల్లల వ్రేళ్లు నడిపించినది. 1939లో మద్రాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నొసగినది. మన అయ్యవారి ఇసుకకును ఆమె గరుకు కాగితమునకును ఎంతో దూరము లేదు. మూడేండ్ల బిడ్డ చేతికి పెన్సిలిచ్చి రాత్రి దీపము క్రింద పుటలు నింపించుట ఈ రెండిటిలోను లేదు.

ఇక ఊరిలోనే ఉన్న అంగన్‌వాడి మాట. అంగనమనగా ముంగిలి. బాలలు బడికి రాలేనిచో బడియే వారి ముంగిటికి పోవలెనని 1945లో బోర్డి గ్రామమున పని ప్రారంభించిన తారాబాయి మోడక్ గారి తలంపు ఈ పేరునకు మూలము. ప్రభుత్వపు సమగ్ర శిశు అభివృద్ధి పథకము 1975 అక్టోబరు 2వ తేదీన మొదలైనది. 2013 నాటి ఆహార భద్రతా చట్టము ప్రకారము మూడు మొదలు ఆరేండ్లవరకు గల బిడ్డకు ఉచితముగా ఉదయపు తినుబండారము, వేడిభోజనము అందవలెను. ఇది దయాధర్మము కాదు, హక్కు.

కలుపుతీత దినములను తలచుకొనుడు. తల్లి చేనికి పోవును. చంటిబిడ్డ వేపకొమ్మకు కట్టిన చీరఊయలలోను, మూడేండ్లవాడు గట్టుమీది ఎండలోను ఉందురు. ఆ ఇద్దరిని కనిపెట్టుటకు ఎనిమిదేండ్ల అక్క బడి మానును. విత్తు మొదలు కాయ ఒలుపువరకు ఆమె పోగొట్టుకొను దినములు ఎవరి పద్దులోను ఎక్కవు. ఊరి కేంద్రము వేళకు తెరచి, మధ్యాహ్నమువరకు పిల్లలను నిలుపుకొన్నచో, తమ్మునితోపాటు అక్కకును చదువు దక్కును. పట్టణపు బస్సు తమ్ముని మాత్రమే ఎక్కించుకొనును. కరవుటేట బెంగుళూరునకు కూలికి పోవువారు ఇచ్చటి కార్యకర్తకు చెప్పి, అచ్చటి కేంద్రములో బిడ్డ పేరు మార్పించుకొనుట మంచిది.

అన్ని అంగన్‌వాడులును బాగున్నవని మేము చెప్పము. రిజిస్టర్లు, బరువుల లెక్కలు, గర్భిణుల ఇండ్ల తిరుగుడు ముగియుసరికి కార్యకర్తకు ఆటపాటలకు వేళ చిక్కని చోటులు కలవు. గ్రుడ్డు చేతబెట్టి ఇంటికి పంపు చోటులును కలవు. రుసుము పుచ్చుకొను బడులలోను ఓపికతో, ప్రేమతో చెప్పువారున్నారు. కావున బోర్డును చూడక, ఒక ఉదయమంతయు లోపల కూర్చుండి చూడవలెను. పిల్లలు మాటాడుచున్నారా, పెద్దలే మాటాడుచున్నారా? చింతగింజలు, పుల్లలు, మట్టి వారి చేతికి అందుచున్నవా? నీరు, మరుగుదొడ్డి ఎట్లున్నవి? బస్సులో ఎంతసేపు? మూడేండ్ల బిడ్డ రానుపోను రెండు గంటలు కుదుపులు తినుట మా దృష్టిలో చదువు కాదు.

భాష విషయమున మా అభిప్రాయము స్పష్టము. మేము మిషను బడిలో ఆంగ్లము నేర్చినవారమే. ఆ భాషయెడ మాకు కృతజ్ఞతయే గాని ద్వేషము లేదు. కాని కథయు, లెక్కయు, ఎందుకన్న ప్రశ్నయు తెలుగులో వేరుపారిన పిదపనే అది మాకు పట్టుబడినది. వానను పొమ్మని వేడు ఆంగ్లపాట నొకదానిని మన మెట్టపల్లెల బిడ్డలచేత వల్లె వేయించుచుందురు. విన్నప్పుడెల్ల మాకు నవ్వును వచ్చును, కొంత భయమును వేయును. 2020 నాటి జాతీయ విద్యావిధానము సైతము మూడు మొదలు ఎనిమిదేండ్లవరకు ఒకే దశగా నెంచి, ఆటపాటలతో కూడిన చదువును, ఇంటిభాషను కోరుచున్నది. ఒకటవ తరగతి ఆరేండ్లకనుచున్నది. తొందరపడి నాలుగేండ్లకే ముందుతరగతికి నెట్టుటవలన లాభమేమో మాకు కనబడదు.

సంఘములు చేయదగిన పని కొంత కలదు. కేంద్రపు కప్పు కారుచున్నను, నీటితొట్టి పగిలినను పంచాయతీకి వ్రాతమూలముగా తెలుపుటకు సర్వసభ్య సమావేశముకంటె తగినచోటు లేదు. వాకిట రెండు కానుగ మొక్కలు నాటి, వేసవిలో బిందెడు నీరు పోయించుట ఏ సభ్యునికిని భారము కాదు. విత్తనపు సంచులు పంచు దినమున తల్లులును వత్తురు గనుక, కార్యకర్తను పిలిపించి, మూడేండ్లు నిండిన బిడ్డల పేర్లు అచ్చటనే వ్రాయించవచ్చును. ఆ దినమున జనన ధ్రువపత్రమును, టీకాల కార్డును వెంట తెచ్చుకొనుడని ముందుగా దండోరా వేయించవలెను.