చతుర్వింశతి మూర్తులు – అంకపాశము

కేశవాది నామము లిరువదినాలుగే యేల? విష్ణువు నాలుగు చేతులందు శంఖ చక్ర గదా పద్మములను మార్చి మార్చి యుంచిన నేర్పడు రూపము లన్నియే. మొదటిచేతికి నాలుగు, రెండవదానికి మూడు, మూడవదానికి రెండు, కడపటిదానికి మిగిలినదొక్కటి. వీని గుణించిన 24. ద్వంద్వసమాసమునఁ బూర్వనిపాతనియమము గలదు గాని యిటఁ గ్రమమంతయు స్వేచ్ఛయే. భాస్కరాచార్యుఁడు లీలావతి (1150) యంకపాశప్రకరణమున నీ యుదాహరణమునే చూపి, శంభుని పదిచేతుల పదియాయుధములకు 36,28,800 భేదములు లెక్కించెను.

పురాణములందును శిల్పగ్రంథములందును నీ మూర్తుల లాంఛనక్రమము భేదించుచున్నది. లేఖకప్రమాదమును గనిపెట్టుట కీ లెక్క యుపకరించును. ఒక పట్టికలో రెండు మూర్తులకు నొకే క్రమ మున్నచో నందొకటి తప్పు. 24లోఁ గనఁబడని క్రమమే లుప్తపాఠము. ఆ రెంటిలో నేది తప్పో గణితము చెప్పఁజాలదు. దానికి మాతృకాంతరమే శరణ్యము. రెండు పాఠములు పరస్పరము తారుమారైనచో నీ పరీక్షకుఁ జిక్కవు.