అమ్మానాన్న గొడవపడితే మనకెందుకు భయం?

2019 సెప్టెంబరులో కుండపోత వానలకు కుందూ నది పొంగింది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో పొలాలు మునిగాయి. పంట పోతే ఇంట్లో అప్పుల చింత మొదలవుతుంది. మాటా మాటా పెరుగుతుంది. మూల కూర్చున్న పిల్లలు బిక్కచచ్చిపోతారు.

ఎందుకు?

ఆపదొస్తే పిల్లలు ముందు చూసేది పెద్దల ముఖాలనే. అవే కోపంతో ఎర్రబడితే, మెదడులోని అమిగ్డలా ప్రమాదమని హెచ్చరిస్తుంది. అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లు విడుదలవుతాయి. గుండె దడదడలాడుతుంది, కడుపులో తిప్పుతుంది. రోజూ ఇదే తంతయితే నిద్ర పట్టదు, చదువు తలకెక్కదు. అరుపుల్లేకుండా పెద్దలు ముఖాలు తిప్పుకున్నా పిల్లలు పసిగట్టేస్తారు.

ఎలా తగ్గుతుంది?

అభిప్రాయభేదాలు అందరిళ్లలోనూ ఉంటాయి. వాటిని ఎలా తీర్చుకుంటారన్నదే ముఖ్యం. పెద్దలు రాజీపడటం కళ్లారా చూసిన పిల్లల్లో కలత బాగా తగ్గుతుందని అమెరికా మనస్తత్వవేత్త మార్క్ కమింగ్స్ పరిశోధనలు చెబుతున్నాయి. “అప్పు సంగతి మేమిద్దరం చూసుకుంటాం, నువ్వు భయపడొద్దు నాన్నా” అని ఇద్దరూ కలిసి చెబితే కొండంత ధైర్యం.

మీరేం చేయాలి?

ఆ గొడవకు కారణం మీరు కాదు. తీర్పు చెప్పాల్సిన పనీ మీది కాదు. మీ భయాన్ని అవ్వకో, టీచరుకో చెప్పండి. ఇంట్లో కొట్టడం దాకా వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఉచితంగా ఫోన్ చేయండి. సాయం అడగడం తప్పు కాదు, అది మీ హక్కు.