ఇన్‌స్టాల్ చేయమంటే అది వీడియో కాదు

కొత్త సినిమా విడుదలైందంటే చాలు, ‘హెచ్‌డీ ప్రింట్’ అంటూ టెలిగ్రామ్ గ్రూపుల్లో లింకులు మొదలవుతాయి. వాటిలో సినిమాయే ఉంటుందన్న నమ్మకమే సైబర్ నేరగాళ్లకు పెట్టుబడి.

2024లో సైబర్ భద్రతా సంస్థ ఈసెట్ పరిశోధకులు ఆండ్రాయిడ్ టెలిగ్రామ్‌లో ఒక లోపాన్ని బయటపెట్టి, దానికి ‘ఈవిల్‌వీడియో’ అని పేరు పెట్టారు. చాట్‌లో అది అచ్చం 30 సెకన్ల వీడియోలా కనిపించేది. నొక్కితే ప్లే కావడం లేదు, వేరే ప్లేయర్‌లో చూడమని సందేశం వచ్చేది. సరేనంటే ప్లేయర్ ముసుగులో ఒక యాప్ ఇన్‌స్టాల్‌కు అనుమతి అడిగేది. అసలు వచ్చింది ఏపీకే, అంటే ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు. ఆ ఏడాది జూలైలో 10.14.5 వెర్షన్‌తో టెలిగ్రామ్ ఈ లోపాన్ని సరిచేసింది.

ఎత్తుగడ పాతదే. ‘ఈ వీడియో చూడాలంటే కోడెక్ కావాలి’ అని నమ్మించి, డీఎన్ఎస్ ఛేంజర్ అనే మాల్‌వేర్‌ను ఎస్టోనియా ముఠా ఒకటి వ్యాప్తి చేసింది. అది కంప్యూటర్‌లోకి చేరాక, మనం ఒక వెబ్‌సైట్ అడిగితే ముఠా చూపించదలచిన మరో సైట్ తెరుచుకునేది. వందకు పైగా దేశాల్లో దాదాపు 40 లక్షల కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. 2011 నవంబరులో ఎఫ్‌బీఐ ఈ ముఠా గుట్టు రట్టు చేసింది.

కంప్యూటర్‌లో మోసం ఫైలు పేరు చివర దాక్కుంటుంది. ఫైలు రకాన్ని తెలిపే ఆ చివరి భాగాన్ని, అంటే ఎక్స్‌టెన్షన్‌ను, విండోస్ మామూలుగా చూపించదు. అందుకే ‘సినిమా.ఎంపీ4.ఈఎక్స్ఈ’ అనే ఫైలు ‘సినిమా.ఎంపీ4’గానే కనిపిస్తుంది. వీడియో బొమ్మ తగిలించడమూ తేలికే. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, ‘వ్యూ’లో ‘షో’కి వెళ్లి ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ ఆన్ చేస్తే అసలు పేరు బయటపడుతుంది. చివర ఎంపీ4, ఎంకేవీ ఉంటే వీడియో. ఈఎక్స్ఈ, ఎస్‌సీఆర్ ఉంటే తెరవకూడదు. షార్ట్‌కట్ ఫైళ్ల ఎల్ఎన్‌కే మాత్రం ఇలా ఆన్ చేసినా కనిపించదు. రెండున్నర గంటల సినిమా రెండు ఎంబీల్లో వచ్చిందంటే అనుమానించాల్సిందే.

నిజమైన వీడియో ఫైలుతోనూ అరుదుగా ప్రమాదం ఉంటుంది. 2015లో బయటపడ్డ ‘స్టేజ్‌ఫ్రైట్’ లోపాలతో, ఆండ్రాయిడ్ ఫోన్‌కు ఒక వీడియో మెసేజ్ పంపి దాడి చేసే వీలుండేది. అందుకే ఫోన్‌కు, ప్లేయర్‌కు వచ్చే అప్‌డేట్లను వాయిదా వేయకూడదు.

పొరపాటున ఇన్‌స్టాల్ చేసేస్తే ముందు నెట్ ఆపి, ఆ యాప్‌ను తీసేయాలి. బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డ్‌లను వేరే ఫోన్ నుంచి మార్చాలి. ఖాతాలో డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.