ఏ ఊళ్లో బతకడం చవక? ఎవరికి?

"చెన్నైలో ఖర్చెక్కువ, నెల్లూరులో కాస్త నయం, పల్లెలో అయితే ఎట్లో గడిచిపోతుంది." ఈ మాట ఉద్యోగస్తులూ అంటారు, కూలీలూ అంటారు. ఇద్దరూ ఒకే మాట అన్నంత మాత్రాన ఇద్దరి లెక్కా ఒకటి కాదు. ఊరికీ ఊరికీ జీవన వ్యయం పోల్చేటప్పుడు ఎవరి సంసారం ఖర్చు, ఏ సంపాదన మీద అన్న ప్రశ్నలు వదిలేస్తే, తేలిన జవాబు దళిత కూలీకి పనికిరాదు. చిల్లకూరు మండలాన్ని ముందు పెట్టుకుని ఈ విషయం చూద్దాం.

చిల్లకూరు గూడూరు పక్కనే ఉంది. తూర్పున సముద్రం, ఇసుక నేలల్లో సిలికా తవ్వకాలు, తీరం వెంట రొయ్యల గుంటలు. గూడూరు జంక్షన్ నుంచి నెల్లూరు 38 కిలోమీటర్లు, చెన్నై సుమారు 138 కిలోమీటర్లు. 1953 దాకా ఇదంతా మద్రాసు రాష్ట్రమే. 2022లో మండలాన్ని తిరుపతి జిల్లాలో కలిపారు. జిల్లా పేరు ఏదైనా, పనికి పోయే మనిషికి లెక్క రైలు దారితోనే.

మన కరపత్రాల్లో తరచూ ధరల సూచీలు వాడతాం. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. లేబర్ బ్యూరో పారిశ్రామిక కార్మికుల సూచీని కేంద్రాలవారీగా ఇస్తుంది. 2016ను ఆధార సంవత్సరంగా పెట్టుకుని ప్రతి కేంద్రానికీ 100 అని మొదలుపెట్టారు. గుంటూరుకీ 100, చెన్నైకీ 100. అంటే రెండు చోట్లా ధరలు ఒకటేనని కాదు. ఒక ఊళ్లో గది బాడుగ 2,000 నుంచి 3,000 అయిందనుకోండి, సూచీ 150. మరో ఊళ్లో 6,000 నుంచి 7,200 అయితే సూచీ 120 మాత్రమే. సూచీ తక్కువున్న ఊళ్లోనే బాడుగ రెండింతలకు పైన ఉంది! సూచీ చెప్పేది ఆ ఊళ్లో ధరలు ఎంత పెరిగాయన్నది. ఏ ఊరు ఖరీదైందో అది చెప్పదు.

రెండో సంగతి సూచీలోని సరుకుల బుట్ట. పారిశ్రామిక కార్మికుల 2016 సూచీలో ఆహారం వాటా నూటికి 39 పాళ్లు, ఇంటి ఖర్చు వాటా దాదాపు 17. వ్యవసాయ కూలీల సూచీ వేరు. 1986-87 ఆధారంతో 1995 నుంచి 2025 దాకా నడిచిన ఆ సూచీలో ఆహారమే నూటికి 69 పాళ్లు. ఇంటి బాడుగ పద్దు అందులో లేనే లేదు. పల్లెలో కూలీలకు సొంత గుడిసె ఉంటుందని దాని వెనుక ఊహ. ఉపాధి హామీ కూలి రేటును 2011 నుంచి ముడిపెట్టింది ఈ సూచీకే. 2025-26లో ఆ రేటు మన రాష్ట్రంలో 307 రూపాయలు, తమిళనాడులో 336. చిల్లకూరు నుంచి చెన్నైకి పోయిన కూలీకి మొదటి నెలలోనే తగిలే ఖర్చు బాడుగ. ఆమె కూలిని లెక్కగట్టిన పట్టీలో ఆ ఖర్చుకు గడి లేదు.

ఊరికీ ఊరికీ తేడా ఉంటుందని ప్రభుత్వానికి తెలియక కాదు. కేంద్ర ఉద్యోగుల ఇంటి బాడుగ భత్యం కోసం ఊళ్లను మూడు తరగతులు చేశారు. చెన్నై మొదటి తరగతి, నెల్లూరు రెండు, గూడూరు వంటివి మూడు. 2024 జనవరి నుంచి ఈ భత్యం మూలవేతనంలో 30, 20, 10 శాతం. 18,000 మూలవేతనం ఉన్నవారికి చెన్నైలో నెలకు 5,400, నెల్లూరులో 3,600, గూడూరులో 1,800. మరి మన పిల్లల సంగతి? ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులో, కేంద్రం ఇటీవల సవరించిన రేట్ల ప్రకారం, మొదటి గ్రూపు హాస్టల్ విద్యార్థికి ఇచ్చే భత్యం ఏడాదికి 13,500. గూడూరులో చదివినా, చెన్నైలో చదివినా అంతే. ఉద్యోగి విషయంలో కనిపించిన ఊరి తేడా విద్యార్థి దగ్గరికొచ్చేసరికి మాయమైంది.

పేదరికపు గీత లెక్కా ఇట్లాంటిదే. టెండూల్కర్ పద్ధతిలో 2011-12కు మనిషికి నెలకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 1,009 రూపాయలు, తమిళనాడు పట్టణాల్లో 937 అని తేల్చారు. రాష్ట్రంలోని పట్టణాలన్నిటికీ ఒకే గీత. ఈ లెక్కన గూడూరు కంటే చెన్నైలో బతకడం చవకన్నమాట! సగటు తీస్తే ఇట్లాంటి వింతలే బయటపడతాయి.

ఏ పట్టీలోనూ లేని ఖర్చు మరొకటుంది. అది కులం ధర. సుఖదేవ్ థొరాట్, ఆయన సహచరులు ఢిల్లీ ప్రాంతంలో బాడుగ ఇళ్ల కోసం ఫోన్లు చేయించి చేసిన అధ్యయనం 2015లో అచ్చయింది. దళిత పేర్లతో అడిగినప్పుడు నూటికి 18 సార్లు లేదు పొమ్మన్నారు, 23 సార్లు వేరే షరతులు పెట్టారు. అగ్రవర్ణ పేర్లకు ఈ ఇబ్బంది లేదు. ఇల్లు దొరకనివాళ్లు ఎక్కువ బాడుగకో, పనికి దూరంగానో చేరాలి. బస్సు ఖర్చు, పోయే పొద్దు, కొనుక్కునే నీళ్లు దానికి తోడవుతాయి. అట్లాగని పల్లె చవకని మురిసిపోనక్కర్లేదు. అక్కడ బాడుగ లేకపోవచ్చు గానీ వాడలో ఉండాలి, పని ఇచ్చినవాడి దయ మీద ఉండాలి. అప్పు వడ్డీ, ఖాళీగా గడిచే రోజులు కూడా పల్లె బతుకు ఖర్చే.

ఖర్చు తగ్గించేవీ ఉన్నాయి, వాటినీ లెక్కలోకి తేవాలి. రేషన్ బియ్యం, 2013లో చెన్నైలో మొదలైన అమ్మ క్యాంటీన్లు, 2024లో మన దగ్గర మళ్లీ తెరిచిన అన్న క్యాంటీన్లు, ఆడవాళ్లకు తమిళనాడులో 2021 నుంచి, మన రాష్ట్రంలో 2025 ఆగస్టు నుంచి ఉచిత బస్సు. తమిళనాడు కార్డుదారులకు దొరికే బియ్యమంతా ఇక్కడి కార్డు పట్టుకుపోయినవారికి దక్కదు. కాబట్టి కార్డు ఎక్కడుందన్నది కూడా జీవన వ్యయంలో భాగమే.

1923లో అచ్చయిన రూపాయి సమస్య గ్రంథంలో అంబేద్కర్ రూపాయి విలువను అది కొనగల సరుకులతో చూడాలని వాదించారు. మనం ఇంకో అడుగు వేసి ఆ సరుకులను పనిరోజులతో కొలవాలి. ఊహకు ఒక లెక్క వేద్దాం. పల్లెలో కూలి 400, నెలకు పది రోజుల పని, ఖర్చు 3,600. అంటే తొమ్మిది రోజుల కష్టం పోయి ఒక్క రోజుది మిగిలింది. నగరంలో కూలి 800, ఇరవై రోజుల పని, బాడుగ 4,000, తక్కిన ఖర్చు 8,000. పదిహేను రోజులు పోగా ఐదు మిగిలాయి. రూపాయల్లో చూస్తే నగరం మూడింతలు ఖరీదు, పనిరోజుల్లో చూస్తే పల్లే బరువు. అయితే నగరంలో వారం రోజులు జ్వరం తగిలితే ఆ ఐదు రోజులూ పోయి అప్పు మిగులుతుంది. బాడుగ మాత్రం ఆగదు.

కార్యకర్తలు, విద్యార్థులు తమ వాడలో ఈ పట్టీ రాయొచ్చు. కూలి ఎంత, నెలకు ఎన్నాళ్లు పని, బాడుగకూ తిండికీ దారికీ ఎన్ని రోజుల కూలి పోతుంది, కార్డు ఎక్కడ, అప్పు ఎంత? ఇక్కడున్నవాళ్లదీ, చెన్నైకి పోయినవాళ్లదీ పక్కపక్కన పెట్టండి. కూలి రేట్ల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి అధికారులతో మాట్లాడేటప్పుడు చేతిలో ఆ కాగితం ఉండాలి. ఉద్యోగికి ఊరిని బట్టి బాడుగ కట్టిచ్చే ప్రభుత్వం కూలీకీ, కూలీ బిడ్డకూ ఎందుకు ఇవ్వదని అప్పుడు లెక్కతో అడగొచ్చు.