మళ్లీ శ్రుతి కలిసింది

20 ఏళ్లకు పైగా అటక మీద పడి ఉన్న గిటార్. బాగుచేయించే ఖర్చుకి ఇంకొంచెం కలిపితే కొత్తదే వస్తుంది. అయినా పాతదే ఎందుకు ముద్దు?

విజయవాడలోని పాత ఇంటికి రంగులు వేయించే పనిలో అటక ఖాళీ చేయాల్సివచ్చింది. ఇత్తడి గంగాళం, కాళ్లు విరిగిన పీట, కట్టలు కట్టిన పాత వారపత్రికలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. చివర్లో పనివాడు ఓ రెగ్జిన్ సంచి అందిస్తూ, "ఇది పాత సామాన్లవాడికి వేసేయమంటారా అండీ?" అని అడిగాడు. జిప్పు సగంలోనే ఊడిపోయింది. లోపల గిటార్. రెండు తీగలు తెగిపోయాయి, మిగిలిన నాలుగూ తుప్పు పట్టాయి.

1986లో ఉద్యోగ శిక్షణ కోసం కలకత్తా వెళ్లిన మా అన్నయ్య లాల్‌బజార్ వాద్యాల దుకాణాల్లో కొన్న గిటార్ అది. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్తు దానికిచ్చి తను రాత్రంతా కింద కూర్చుని వచ్చాడు. ఎంతపెట్టి కొన్నాడో అమ్మకి ఎప్పుడూ చెప్పలేదు.

ఆ రోజుల్లో గిటార్ అంటే సగం సంగీతం, సగం షోకు. 1973 నాటి 'యాదోం కీ బారాత్' లాంటి సినిమాలు, ఆర్.డి.బర్మన్ పాటలు కుర్రాళ్ల చేత గిటార్ పట్టించాయి. సినిమా సంగీత దర్శకుడు కాకముందు ఇళయరాజా కూడా వాద్యబృందాల్లో గిటార్ వాయించినవారే. కానీ గిటార్ అంతకంటే చాలా ముందే మన దేశానికి వచ్చింది, అదీ మరో రూపంలో. 1940లలో కలకత్తాలో ఉన్న హవాయి కళాకారుడు టావు మో అక్కడ చాలామందికి గిటార్ నేర్పారు. ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద లోహపు కడ్డీ జార్చి వాయించే ఆ పద్ధతిలో గమకాలు పలుకుతాయని మనవాళ్లు గ్రహించారు. బ్రిజ్ భూషణ్ కాబ్రా దానిపై రాగాలు వాయించారు. 1967లో శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో కలిసి ఆయన చేసిన 'కాల్ ఆఫ్ ద వ్యాలీ' రికార్డు ఇళ్లిళ్లకూ చేరింది. ఆ దారినే వచ్చిన విశ్వమోహన్ భట్ 1994లో గ్రామీ అందుకున్నారు.

మా ఇంట్లో అంత సీనేమీ లేదు. సాయంత్రం కరెంటు పోతే డాబా మీద అన్నయ్య వాయించేవాడు, నేను పాడేవాణ్ని. తర్వాత నాకూ నాలుగు కార్డ్‌లు నేర్పాడు. ఆయనకు పెళ్లయి వేరే ఊరు వెళ్తూ గిటార్‌ను నాకు వదిలేశాడు. నాకు ఉద్యోగం, పిల్లలు, 2003లో బదిలీ. గిటార్ అటకెక్కింది.

ఊళ్లో ఎక్కువగా వీణలు, హార్మోనియాలు బాగుచేసే ఓ మేస్త్రి దగ్గరికి దాన్ని తీసుకెళ్లాను. ఆయన ఒక కన్ను మూసి గిటార్ మెడ వెంట చూశారు, వడ్రంగి వాసం వంకర చూసినట్టు. "తీగలు వదులు చేయకుండా పెట్టేశారా?" అన్నారు. తప్పు ఒప్పుకున్నాను. శ్రుతి చేసిన ఆరు స్టీలు తీగలూ కలిసి దాదాపు 70 కిలోల బలంతో లాగుతుంటాయి. ఆ లాగుడుకు ఏళ్ల తరబడి మెడ వంగుతుంది, బ్రిడ్జి లేస్తుంది, ముందు పలక ఉబ్బుతుంది. దానికితోడు వాతావరణం. గిటార్‌కు 45 నుంచి 55 శాతం తేమ హాయి. మన కోస్తాలో వానాకాలం అది 80 దాటేస్తుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగకు, లోహపు పట్టీకి మధ్య రెండు, రెండున్నర మిల్లీమీటర్ల ఎడం ఉండాల్సినచోట నా గిటార్‌కు ఐదు ఉంది. బాగుచేయడానికి రూ.4,500 అవుతుందన్నారు మేస్త్రి. "ఇంకో రెండు వేలు వేసుకుంటే కొత్తదే వస్తుంది. ఆలోచించుకోండి" అని కూడా అన్నారు.

ఆలోచించాను. పాత కర్ర బాగా పలుకుతుందంటారు కదా అని నాకు నేనే నచ్చజెప్పుకోబోయాను. శాస్త్రం అందుకు పెద్దగా సాయపడలేదు. బ్రిటన్‌లో లాంకాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో వెలువరించిన అధ్యయనంలో 52 మంది గిటారిస్టుల చేత, కర్ర కనిపించకుండా జాగ్రత్తపడి, ఆరు గిటార్లు వాయించి చూపించమన్నారు. వెనుక, పక్క పలకల కర్ర తప్ప మిగతాదంతా ఒకేలా ఉన్న గిటార్లవి. ఖరీదైన రోజ్‌వుడ్‌కూ చవక కర్రకూ వాళ్లకు చెప్పుకోదగ్గ తేడా తెలియలేదు. అమెరికాలోని మార్టిన్ కంపెనీ 1969లో బ్రెజిల్ రోజ్‌వుడ్ నుంచి మన దేశపు రోజ్‌వుడ్‌కి మారింది. నా గిటార్‌ది ఆ గొప్ప కూడా కాదు, ప్లైవుడ్డే.

మరి ఎందుకు బాగుచేయించాను? ధ్వనిరంధ్రం కింద అన్నయ్య గోరు తగిలి తగిలి పాలిష్ పోయిన చోటు ఒకటుంది. కొత్త గిటార్‌కు అది రాదు. కారణం అంతే.

రెండు వారాల తర్వాత గిటార్ ఇంటికొచ్చింది. వయసు 50 దాటిన వేళ్లకు మొదటి వారం నరకం. పది నిమిషాలకే ఎడమచేతి వేళ్ల చివర్లు ఎర్రబడి మండేవి. సన్నని తీగలు వేయించి, శ్రుతి ఒక అరమెట్టు దించితే కొంత నయం. రోజూ గంట కూర్చోవడం కంటే పొద్దున పది, సాయంత్రం పది నిమిషాలు మేలు. మూడో వారానికి వేళ్లకు కాయలు కాశాయి. ఆశ్చర్యమేమిటంటే, పాటల వరుసలు బుర్రకు గుర్తురాకపోయినా చేతికి గుర్తున్నాయి. జి నుంచి సి కి, సి నుంచి డి కి వేళ్లు వాటంతటవే వెళ్తున్నాయి. చూపుడు వేలితో ఆరు తీగలూ అదిమిపట్టాల్సిన ఎఫ్ మాత్రం అప్పట్లానే మొండికేస్తోంది. ఇంకో సంగతీ తెలిసింది. గిటార్ సంచిలో ఉంటే తీయబుద్ధి కాదు. కుర్చీ పక్కనే ఉంటే, కాఫీ చల్లారేలోపు ఓ పాట అయిపోతుంది.

నెల తర్వాత దాన్ని అన్నయ్య దగ్గరికి తీసుకెళ్లాను. 2022లో పక్షవాతం వచ్చాక ఆయన ఎడమచేయి పనిచేయడం లేదు. చూపించడమా, మానడమా అని దారి పొడవునా తర్జనభర్జన పడ్డాను. సంచి తీయగానే ఆయన కుడిచేయి ముందు ఆ పాలిష్ పోయిన చోటికే వెళ్లింది. గిటార్‌ను ఆయన ఒళ్లో పెట్టాను. కాసేపు ఒట్టి తీగలు మీటి, "మూడోది తగ్గింది" అన్నాడు. ఫోనులోని యాప్‌లో చూస్తే నిజమే.

"ఒరేయ్, ఇటొచ్చి జి పట్టుకో" అన్నాడు తర్వాత.

ఆయనకు ఎడమవైపు కూర్చుని కార్డ్‌లు నేను పట్టాను. తీగలు ఆయన మీటాడు. లయ ఎక్కడా తప్పలేదు. ఎఫ్ దగ్గర నేనే ఆలస్యమయ్యాను.

"అప్పుడూ ఇంతే నువ్వు. మళ్లీ మొదట్నుంచి" అన్నాడు.