రంగు దాటిన ప్రేమ కులం దాటిందా?

ప్రతి విద్యా సంవత్సరంలోనూ ఒక తరగతిని నేను విద్యార్థులకే వదిలేస్తాను. చదివిన నవలనో, చూసిన సినిమానో వారే ప్రవేశపెట్టాలి, వారే చర్చించాలి. కొన్నేళ్ల క్రితం ఇద్దరు విద్యార్థినులు ‘బ్రిడ్జర్టన్’ ధారావాహిక రెండవ సీజన్‌ను ఎంచుకున్నారు. వారు చూపిన మొదటి దృశ్యం నాకింకా గుర్తుంది. 1814 నాటి లండన్‌లో, కులీనుల భవంతిలో, చామనఛాయ అక్క ఒకతె తన చెల్లెలి తలకు నూనె రాస్తుంటుంది. తరగతిలో సగం మంది చప్పట్లు కొట్టారు. నాకూ సంతోషం కలిగింది. అంతలో వెనక వరుసలోంచి ఒక విద్యార్థి లేచి, “సార్, ఆ అక్కచెల్లెళ్ల ఇంటిపేరు శర్మ కాకుండా మరొకటైతే ఆ గుమ్మం దాటనిచ్చేవారా?” అని అడిగాడు. కొందరు నవ్వారు. అతడు నవ్వలేదు. ఆ రోజు నేను చెప్పిన జవాబు అతడికే కాదు, నాకూ తృప్తినివ్వలేదు. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చుకునే ప్రయత్నం.

అమెరికన్ రచయిత్రి జూలియా క్విన్ 2000లో వెలువరించిన ‘ది వైకౌంట్ హూ లవ్డ్ మీ’ నవల ఈ సీజన్‌కు ఆధారం. 2022 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో ఎనిమిది భాగాలుగా విడుదలైంది. కథ సులువైనదే. వైకౌంట్ ఆంథొనీ బ్రిడ్జర్టన్ తన హోదాకు తగిన వధువు కోసం వెతుకుతుంటాడు. ఆ ఏటి పెళ్లి సంతలో మేలిమి వజ్రమని రాణి ఎంపిక చేసిన ఎడ్వినాను చేసుకుందామనుకుంటాడు. మనసు మాత్రం ఆమె అక్క కేట్ మీదికి పోతుంది. నవలలో తేనెటీగ కుట్టిన సంఘటన వల్ల లోకాపవాదుకు వెరచి ఆంథొనీ, కేట్ ముందే పెళ్లి చేసుకుంటారు, ప్రేమ తర్వాత పండుతుంది. ధారావాహికలో తేనెటీగ ఉంది గాని పెళ్లి లేదు. ఆంథొనీ ఎడ్వినాతో పీటల దాకా వెళ్లి, ఆ పెళ్లి చెడిపోయాక గాని కేట్‌ను చేరుకోడు. కోరికను ఇంతసేపు బిగపట్టి ఉంచడమే ఈ సీజన్ బలం. కేట్‌గా సిమోన్ ఆష్లే, ఎడ్వినాగా చరిత్ర చంద్రన్ నటన ఆ బిగువును నిలబెట్టింది. కథనంగా చూస్తే నవల కంటే ఇదే మెరుగని నా అభిప్రాయం.

నవలకూ తెరకూ మధ్య అసలు మార్పు వేరే ఉంది. నవలలో కేట్ ఇంటిపేరు షెఫీల్డ్, ఆమె ఇంగ్లీషు పిల్ల. తెరమీద ఆమె బొంబాయి నుంచి వచ్చిన కేట్ శర్మ. ఈ మార్పును తేలికగా తీసిపారేయలేను. ఇంగ్లీషు టీ నచ్చక తన చాయ్ తానే కాచుకునే నాయిక, ఇరవయ్యారేళ్లకే ముదిరిపోయిందని లోకం తీర్మానించినా తల వంచని నాయిక, అన్నిటికీ మించి నల్లని మేనితోనే అందగత్తెగా నిలిచిన నాయిక ఆమె. తెల్లని ఛాయ కోసం ఎక్కడెక్కడి నుంచో కథానాయికలను తెచ్చుకునే మన తెలుగు సినిమా ఇన్ని దశాబ్దాల్లో ఇలాంటి గౌరవాన్ని ఎన్నిసార్లు ఇచ్చింది? చప్పట్లు కొట్టిన నా విద్యార్థినులు తమ మేనిఛాయకు దక్కిన మర్యాదకే కొట్టారు. ఆ ఆనందం అబద్ధం కాదు.

అయితే ఆ విద్యార్థి ప్రశ్న కూడా అబద్ధం కాదు. శర్మ అనేది భారతదేశంలో అందరికీ చెందిన పేరు కాదు. బ్రాహ్మణుడి పేరు మంగళాన్ని, శూద్రుడి పేరు జుగుప్సను సూచించాలని విధించిన మనుస్మృతి, బ్రాహ్మణుడి పేరుకు చేర్చమన్న మాటే ‘శర్మ’. ధారావాహిక నిర్మాతలు దీన్ని పనిగట్టుకుని ఎంచుకున్నారని నేననడం లేదు. సులభంగా గుర్తుపట్టే భారతీయ పేరు కావాలనుకుని ఉంటారు, వెంటనే దొరికినది తీసుకుని ఉంటారు. ఏమీ ఆలోచించకుండా చేయి చాపినప్పుడు ఏ పేరు తగులుతుందో అదే ఆధిపత్యానికి ఆనవాలు. భారతీయత అనగానే అగ్రవర్ణం దానంతటదే వచ్చి కూర్చుంటుంది. మిగిలినవారు రావాలంటే కారణం చెప్పాలి.

ఈ సీజన్ వచ్చినప్పుడు దక్షిణాసియా ప్రేక్షకులు కొందరు మరో లోపం పట్టుకున్నారు. అక్కచెల్లెళ్లు తండ్రిని ‘అప్పా’ అంటారు. చెల్లెలు అక్కను ‘దీదీ’ అంటుంది. అక్క చెల్లెలిని బెంగాలీలో ‘బోన్’ అని పిలుస్తుంది. మరాఠీ, హిందుస్తానీ నేర్చామంటారు. ఇదెక్కడి కుటుంబమని ఎగతాళి చేశారు. నాకు ఆ కలగాపులగంతో పేచీ లేదు. నన్ను ఆపింది ఇంకొకటి. ఈ కుటుంబంలో నాలుగు భాషలు కలవగలిగాయి, మూడు ప్రాంతాలు కలవగలిగాయి, రెండు ఖండాలు కలవగలిగాయి. కలవనిదల్లా కులం ఒక్కటే. దాని ఊసే రాలేదు.

ఊసు రావలసిన చోటు కథలోనే ఉంది. ఎడ్వినా తల్లి మేరీ ఇంగ్లీషు కులీనురాలు. అంతస్తు లేని శర్మను ప్రేమించి దేశం విడిచి వెళ్లిపోయింది. షెఫీల్డులు ఆమెను వెలివేశారు. ఎడ్వినా ఇంగ్లీషు కులీనుణ్ని పెళ్లాడితేనే సొమ్ము ఇస్తామన్న షరతు కూడా వారిదే. మరి శర్మ ఇంటివారు ఏమన్నారు? ఒక బ్రాహ్మణుడు 1790ల ప్రాంతంలో మ్లేచ్ఛ స్త్రీని పెళ్లాడి ఇంటికి తెస్తే అగ్రహారం హారతి పట్టిందా? 1888లో, అంటే ఈ కథాకాలానికి డెబ్బై నాలుగేళ్ల తర్వాత, చదువు కోసం ఇంగ్లండు బయల్దేరిన గాంధీనే ఆయన కులపెద్దలు వెలివేశారు. సముద్రం దాటినందుకే అది శిక్ష. తెరమీద వెలివేసే హక్కు ఇంగ్లీషువారికి మాత్రమే దక్కింది. మన గుమ్మంలో తలుపు మూసిన చప్పుడు ఎవరికీ వినిపించలేదు.

పెళ్లి ముందరి పసుపు వేడుక దృశ్యం కూడా ఇలాంటిదే. తల్లీ కూతుళ్లు ముగ్గురే కూర్చుని ఒకరికొకరు పసుపు రాసుకుంటారు. ముచ్చటైన దృశ్యం. కాని మన ఊళ్లలో పెళ్లి ఎన్నడూ ముగ్గురితో జరిగిన పని కాదు. కుమ్మరి అయిరేని కుండలు తేవాలి. మంగలి గోళ్లు తీసి సన్నాయి ఊదాలి. చాకలి దివిటీ పట్టాలి, నడిచే దారిలో చీర పరచాలి. మాదిగ డప్పు ఊరేగింపుకు కావాలి, పందిట్లోకి మాత్రం రాకూడదు. ఒక్క పెళ్లిలో ఊరి కులవ్యవస్థ మొత్తం తన తన స్థానంలో నిలబడి కనిపిస్తుంది. ఆ చేతులన్నీ తీసేస్తే మిగిలేది సంస్కృతి. ఆ సంస్కృతినే మనం ఎగుమతి చేస్తున్నాం.

ఈ ధారావాహిక లోకానికి మూలసూత్రం మొదటి సీజన్‌లోనే ఉంది. ఒకప్పుడు నల్లవారు, తెల్లవారు వేర్వేరు సమాజాలుగా ఉండేవారని, రాజు నల్లని స్త్రీని ప్రేమించాక ఆ గోడ కూలిందని లేడీ డాన్‌బరీ చెబుతుంది. రాజు మనసు మారితే ఏమవుతుందన్న అనుమానం డ్యూక్‌కు వస్తుంది గాని, కథ దాని వెంట ఎక్కువ దూరం పోదు. 2023లో వచ్చిన ‘క్వీన్ షార్లెట్’ ఆ లోటును కొంత పూడ్చజూసింది. అక్కడ కూడా సమానత్వం పైనుంచి దిగిన వరమే. వరమైనది హక్కు కాదు. ఇచ్చినవాడు తిరిగి తీసుకోగలడు.

పైగా ఆ భవంతులు ఏ సొమ్ముతో కట్టారో కథ అడగదు. బ్రిటన్ 1807లో బానిసల వ్యాపారాన్ని నిషేధించింది గాని బానిసత్వాన్ని నిషేధించలేదు. 1833 చట్టంతో అది రద్దయినప్పుడు యజమానులకు రెండు కోట్ల పౌన్ల పరిహారం కేటాయించారు, బానిసలకు పైసా ఇవ్వలేదు. 1813 చార్టర్ చట్టం ఈస్టిండియా కంపెనీ పాలనను మరో ఇరవై ఏళ్లు పొడిగించింది. దాని మరుసటి ఏడాదే బొంబాయి నుంచి వచ్చిన అమ్మాయిలు కంపెనీ పేరెత్తరు. మచిలీపట్నం రేవు నుంచి ఒకప్పుడు అద్దకం బట్టలు దిగుమతి చేసుకున్న దేశం, ఆ కాలానికి తన మరనేతను మన మీదికి తోలుతోంది. ఆ కథ పట్టుగౌన్ల మడతల్లో ఇమడదు.

ఊహాగానం కదా, చరిత్రతో కొలవడమెందుకని అడగవచ్చు. చరిత్ర ఇంతకంటే గొప్ప కథనే మన ఊళ్లో దాచి ఉంచింది. హైదరాబాదులో కంపెనీ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్, సయ్యద్ వంశానికి చెందిన ఖైరున్నిసా ప్రేమించుకుని పెళ్లాడారు. వారి ఇద్దరు పిల్లలను 1805లో ఇంగ్లండు పంపారు. అదే ఏడాది కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించాడు. 1813లో ఖైరున్నిసా పోయింది. పిల్లలను మళ్లీ కళ్లజూడలేదు. కూతురికి ఇంగ్లండులో క్యాథరిన్ అని పేరు పెట్టారు, కిట్టీ అని పిలిచారు. కేట్ శర్మ లండన్ నాట్యశాలల్లో మెరిసిన 1814లో నిజమైన ఈ హైదరాబాదీ కేట్‌కు పన్నెండేళ్లు. ఆమెకు దక్కినది పెళ్లి సంతలో వజ్రం హోదా కాదు, తల్లి భాషను, తల్లి పేరును, తల్లినే పోగొట్టుకున్న బాల్యం. ఆ ప్రేమకథను చరిత్ర గుర్తుంచుకోవడానికి కారణం కూడా ఉంది. ఇద్దరూ వారి వారి సమాజాల్లో పైమెట్టు మీదివారు. కంపెనీ సిపాయిలతో కాపురం చేసిన పేదింటి స్త్రీలలో ఎంతమంది పేర్లు మనకు తెలుసు?

ఇక్కడే అంబేడ్కర్ దగ్గరికి వెళ్లక తప్పదు. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో సమర్పించిన పత్రంలో ఆయన కులానికి ప్రాణం స్వకుల వివాహమని తేల్చారు. సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం మూడూ ఆ కంచెను కాపాడే పనిముట్లన్నారు. ఇరవై ఏళ్ల తర్వాత ‘కుల నిర్మూలన’లో, కులాంతర వివాహమే అసలైన మందని చెబుతూ, ఆ మందు జనం ఎందుకు మింగరో కూడా చెప్పారు. కులానికి పవిత్రత అంటగట్టిన శాస్త్రాల మీద నమ్మకం పోనిదే ఆ పెళ్లిళ్లు జరగవన్నారు. ప్రేమ గోడను కూలుస్తుందని ‘బ్రిడ్జర్టన్’ అంటుంది. గోడ కూలితే తప్ప ప్రేమికులు బతకలేరని అంబేడ్కర్ అంటారు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడ ఆసుపత్రి ఎదుట గర్భిణి అయిన భార్య కళ్ల ముందే ఒక దళిత యువకుణ్ని నరికి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. న్యాయం ఆరున్నరేళ్లకు వచ్చింది. ప్రేమ మాత్రం తిరిగి రాలేదు.

ఆ రోజు తరగతిలో ప్రశ్న అడిగిన విద్యార్థి మరుసటి ఏడాది నా గదికి వచ్చాడు. వెంట ఒక సహాధ్యాయిని ఉంది. అతడు దళిత క్రైస్తవుడు, ఆమె భూములున్న కులం పిల్ల. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకుంటామని, సాక్షి సంతకం పెట్టాలని అడిగారు. ఊరు విడిచి పోదామన్న ఆలోచనా వారికి ఉంది. చట్టం ఉండగా పారిపోవడం దేనికి, నోటీసు ఇవ్వండి అని నేనే సలహా చెప్పాను. 1954 నాటి ఆ చట్టం ప్రకారం పెళ్లి నోటీసును కార్యాలయంలో అందరికీ కనిపించే చోట అంటించాలి, ముప్పై రోజులు ఆగాలి. తొమ్మిదో రోజున ఆమె ఇంటివారు వచ్చి హాస్టల్ నుంచి ఆమెను తీసుకుపోయారు. ఆమె పరీక్షలకు రాలేదు. అతడు పరీక్షలు రాశాడు, ఉత్తీర్ణుడయ్యాడు, వెళ్లేటప్పుడు నన్ను ఒక్క మాట అనలేదు. నేను పెట్టాల్సిన సంతకం పెట్టకుండానే మిగిలిపోయింది. లండన్ కథలో పెళ్లి కబురును చాటే లేడీ విజిల్‌డౌన్ పత్రిక వినోదం. ఇక్కడ నోటీసు బోర్డు మీద అంటించిన కాగితం వేటగాళ్లకు చిరునామా.

అందుకని ‘బ్రిడ్జర్టన్’ చూడవద్దని విద్యార్థులకు చెప్పను. ప్రేమ కలను ఆస్వాదించే హక్కు పీడితులకు అందరికంటే ఎక్కువ ఉంది. చూస్తూ అడగమని మాత్రం చెబుతాను. ఈ కలలోకి ఎవరు ఏ పేరుతో వచ్చారు? ఎవరి చేతులు కత్తిరించాక ఈ దృశ్యం ఇంత అందంగా కుదిరింది? తలుపు తీసింది దయా, హక్కా? తెరమీద రంగుకు చోటు దొరకడం ఒక మెట్టు. ఆ మెట్టు మీద ఎక్కిన శర్మ గారి అమ్మాయి మనందరి ప్రతినిధి అని సంబరపడిపోతే, కిందనున్నవారి పేరు పైకి వచ్చే అవసరమే లేకుండా పోతుంది. ప్రత్యేక వివాహ చట్టంలోని ఆ బహిరంగ నోటీసును తొలగించాలన్న డిమాండును కూడా ఈ చర్చతో కలిపే మాట్లాడాలి. ప్రేమకథల మీద శ్రద్ధ ఉన్నవారు ప్రేమికుల ప్రాణాల మీద శ్రద్ధ లేకుండా ఉండలేరు.

కిర్క్‌పాట్రిక్ కట్టించిన ఆ రెసిడెన్సీ భవనం హైదరాబాదు కోఠీలో ఇప్పటికీ ఉంది. దశాబ్దాలుగా అక్కడ ఆడపిల్లలు చదువుకున్నారు. ఈనాడు ఆ ప్రాంగణం మహిళా విశ్వవిద్యాలయం. దానికి పెట్టిన పేరు చాకలి ఐలమ్మది. పెళ్లిలో దివిటీ పట్టమని, దొర గడీలో వెట్టి చేయమని ఊరు శాసించిన కులంలో పుట్టి, విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి, తాను పండించిన పంటను కాపాడుకున్న పాలకుర్తి స్త్రీ ఆమె. ఆ పేరు రాజు ప్రేమించి ఇచ్చింది కాదు. ఆ గుమ్మం దాటి నేడు లోపలికి పోతున్న అమ్మాయిలను ఇంటిపేరు ఏమిటని అడిగే అధికారం ఎవరికీ లేదు. నా విద్యార్థికి ఆ రోజు నేను చెప్పలేకపోయిన జవాబు అదే.